తవుడు లెక్క

నా పేరు తవిటమ్మ.
నాకు ముందు ముగ్గురు పుట్టి పోనారట.
నన్ను కన్న మూడో రోజున మా యమ్మ
చేటలో ఏసి గుమ్మం బయటెట్టిందట.
ఎదురింటి ముసిలమ్మ మానెడు తవుడిచ్చి కొనుక్కుని
పేరెట్టి, పెంచుకోమని
మళ్లీ మా యమ్మ చేతికే ఇచ్చిందట.
తవుడికమ్మీసిన గుంట మీద
సావుకి ఆశుండదట.
అందుకని బతికినాను.
అందుకనో, మరెందుకనో.

ఇప్పుడు నెల్లిమర్లలో,
మిల్లు గేటుకి తాళం పడ్డ మూడో ఏడు,
మా పెరటి రేకుల పాకలో నలభై రెండు టబ్బులు.
టబ్బుకొక మగెలక, నాలుగు ఆడెలకలు,
ఊక పరుపు, సీసా మూతికి గుచ్చిన గొట్టం,
పొద్దున్నొకసారి, సందేళొకసారి చారెడు తవుడు.
ఆదివారం ఉలవలు.

గరివిడి పశువుల కాలేజీలో తుడుపు పని చేసే
మా మరిది గవరయ్య
నాలుగు తెల్లెలకల్ని చొక్కా జేబులో తెచ్చినాడు మొదట.
అడిగి తెచ్చినాడో అడక్కండా తెచ్చినాడో
నానూ అడగనేదు.

మిల్లులో ఉన్నన్నాళ్లూ
గోనెలు కొరికే ఎలకల్ని చీపురు తిరగేసి కొట్టినాను.
తోకకింతని ఇచ్చేవోడు మేస్త్రీ.
ఇప్పుడా చేత్తోనే
గోనె తడిపి రేకు మీద పరుస్తాను,
ఎండకి ఒక్కటి సొమ్మసిల్లినా నష్టం.

రాత్రిపూట కంటాయి. దీపం ఎయ్యను.
పొద్దున్న మూత తీస్తే
గులాబీ రంగు చిక్కుడు గింజలు.
కళ్లు తెరవవు, బొచ్చుండదు,
తాగిన పాలు తోలు కింద
తెల్లగా అగుపడతాయి.
వాటికి పన్నెండు రూపాయలు,
బొచ్చొస్తే ఇరవై, గెంతితే ముప్పై.
బతికిన రోజుకింతని కడతారు రేటు.

ఇసాపట్నంలో పళ్ల డాక్టరు ప్రణీత్ బాబు,
ఆయన గాజుపెట్టెలో బంతిలా చుట్టుకున్న పాము.
దూరదేశం పామట, కాగితాలన్నీ ఉన్నాయట.
నా రేషను కార్డులో నా పేరే తప్పు.
పాలు తాగదా బాబూ అంటే
నవ్వీసినాడు, పళ్లన్నీ తిన్నగా ఉన్నాయి.

చంపడం గురించి అడక్కండి.
అడిగితే చెప్తాను.
డబ్బాలోకి సోడా గాలొదిలి
మూత మీద చెయ్యేసి కూకుంటాను,
చెయ్యి కింద చప్పుడాగేదాకా.
బయటికెళ్లి నిలబడ్డం నాకు రాదు.

పాము తినేది వారానికొకటి.
ఎలక కనేది నెలకి పది.
మిగిలినవాటితోనే యాపారం.
విజీనారంలో పెద్ద చేపలు పెంచే షావుకారు కొన్ని,
కాలేజీ కొన్ని.
పదో పరకో చిల్లర తెచ్చి
పెంచుకుంటానన్న గుంటడొకడు.
గుంటడికి జత మాత్రం ఇవ్వను.
జతిస్తే నాకు పోటీ.

మిగులు.
ఆ మాట గేటుకంటించిన కాగితం మీద చూసినాను.
మూడొందల పన్నెండు పేర్లు,
పైన సిరాతో మిగులు మంది అని.
నా పేరక్కడ తప్పు పడనేదు.

నాగులచవితినాడు వీధంతా
చెంబుల్తో పాలు పుట్టకి మోస్తే
నాను ఐసు డబ్బా పాసింజరు బండికి మోసినాను.
పుట్టకి రావేటి తవిటమ్మా అంది పక్కింటి సరోజిని.
మా నాగన్న ఊర్లో ఉండడమ్మా,
బండెక్కెళ్లాలి అన్నాను.

మొన్న పదకొండో టబ్బులో ఒక ఆడది
నాలుగో ఈత ఈనింది.
ముందరి మూడీతలూ కనీసి తినీసిందే.
ఈసారి తెల్లారేటప్పటికి ఒక్కటి మిగిలింది.
పన్నెండు రూపాయల సరుకు.
అదేటో,
పక్క టబ్బులో ఎనిమిదింటి తల్లి ఉంది కదాని
ఆ టబ్బు ఊకా ఆ టబ్బు తవుడూ కలిపి
దాని ఒంటికి రుద్దినాను, వాసన మారాలి కదా,
రుద్ది, నడిమధ్యనెట్టి, మూతేసీసినాను.

తెల్లారి చూస్తే తొమ్మిదీ ఒక్కలాగే
పాలు తాగుతున్నాయి.
ఏదదో పోల్చలేకపోనాను.

గురువారం ఆర్డరు ఎనిమిది.
మూత తియ్యకండా చాలాసేపు కూకున్నాను.
తరవాత లెక్కెట్టి ఎనిమిదే తీసినాను.
తొమ్మిదోది,
అదో కాదో,
ఊకలో మెసిలింది.